ముట్టించని బీడీ

మొన్న జగిత్యాల బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఒకాయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నోట్లో బీడీ ఉంది. "సారూ, అగ్గిపెట్టె ఉన్నదా?" అని అడిగాడు. నాకు ఆ అలవాటు లేదని చెప్పాను. ఆయన ఇంకొకరిని అడిగి ముట్టించుకుని, హాయిగా నాలుగు దమ్ములు లాగి, రాయికల్ బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. నేను మాత్రం చల్లారిన చాయ్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

బీడీ నోట్లో పెట్టుకున్నవాడు అగ్గి అడగడంలో వింత ఏముంది? ఏమీ లేదు. కానీ పాతికేళ్ళ పాటు నోట్లో బీడీ పెట్టుకుని తిరిగి, ఒక్కనాడు కూడా ఎవరినీ అగ్గిపెట్టె అడగని మనిషిని ఒకణ్ణి నేను ఎరుగుదును. ఆ బీడీ ఎప్పుడూ ముట్టించలేదని ఆయన నాతో లెక్కలేనన్నిసార్లు చెప్పాడు. నేను నమ్మలేదు. చివరికి నన్ను నమ్మించింది హైదరాబాదులోని ఒక గాజుపెట్టె. అప్పటికి నేను నమ్మినా, నమ్మకపోయినా ఆయనకు ఒరిగేది ఏమీ లేదు.

కోరుట్లలో ఆయనది కాలిన బోరు మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే వైండింగ్ దుకాణం. బోర్డు మీద 'మోటార్ వైండింగ్' అన్న రెండు ముక్కలే ఉండేవి. పేరెందుకు రాయించలేదని ఒకసారి అడిగాను.

"మోటరు కాలినోడు పేరు సూసి అస్తడా సారూ? వాసన వట్టుకొని అస్తడు" అన్నాడు.

నిజమే. చుట్టిన తీగకు పూసే వార్నిష్ వాసన వీధి మలుపు దాకా వచ్చి మరీ రైతులను పిలుచుకుపోయేది. బోర్డు మీదే లేని పేరు ఇప్పుడు నేను రాయడం ఎందుకని నేనూ రాయడం లేదు.

సన్నటి మనిషి. కుడి చెవి మీద సుద్దముక్క, నోటి ఎడమ మూలన బీడీ. ఈ రెండూ లేకుండా ఆయన్ని చూస్తే గుర్తుపట్టేవాణ్ణి కాదేమో. ఆ సుద్దముక్కలు మా బడివి. నేను జగిత్యాలలో సైన్సు మాస్టరుగా పనిచేసేవాణ్ణి, కథలాపూర్ దగ్గర మాకు కొంచెం పొలం ఉంది. పొలానికి పోతూ దారిలో ఒక డబ్బా ఆయనకు ఇచ్చిపోయేవాణ్ణి. రిటైరయ్యాను కనుక ఇప్పుడు చెప్పినా భయం లేదు.

దుకాణం ముందర రెండు ఇనుప డ్రమ్ములను ఒకదాని మీద ఒకటి వెల్డింగ్ చేయించి, సగం భూమిలో పాతి, నిండా నీళ్ళు పోసి ఉంచేవాడు. వైండింగ్ చేసిన ప్రతి మోటారునూ ఆ డ్రమ్ములో దించి, కరెంటు ఇచ్చి, గంటసేపు నడిపి చూసేవాడు. పావుగంట కాదు, అరగంట కాదు, గంట. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక మళ్ళీ మొదటి నుంచి గంట. మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ కొనను పైపుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. చేయి నీళ్ళలో ముంచి వేడి చూసేవాడు. గంట నిండాక మోటారును పైకి తీసి, పాతగుడ్డతో ఒళ్ళు తుడిచి, దాని మీద సుద్దతో పెద్ద అక్షరాలతో 'నడుస్తది' అని రాసేవాడు. ఆ మాట రాయనిదే మోటారు దుకాణం దాటేది కాదు.

రైతులకు ఆ గంట ప్రాణసంకటంగా ఉండేది. ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడుకుని, మోటారు దించడానికి మనుషులను బోరు దగ్గర నిలబెట్టి వచ్చేవాళ్ళు.

"ఓ కాకా, జెర జల్ది ఇయ్యరాదే, నాటు ఎండుతాంది" అని ఒకడు బతిమాలితే, ఆయన స్క్రూడ్రైవర్ చెవికి అలాగే పెట్టుకుని, "గంటకు ఎండే నాటయితె నిన్ననే ఎండుతుండె" అనేవాడు.

ఇంకా గొడవ చేస్తే బీడీ నోట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగేది. అప్పుడు ఆయన ఒకే మాట అనేవాడు. "లోపటికి దించినంక అది మన చేతుల ఉండదు. బయట ఉన్నప్పుడే దాని గుణం సూడాలె."

ఆ మాట నాకు నోటికి వచ్చేసింది. అర్థం కావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఇక బీడీ సంగతి. ఆయన భార్య బీడీలు చేసేది. నేను వదినా అని పిలిచేవాణ్ణి. ఇల్లు దుకాణం వెనకే. పొద్దున్నే వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని ఆమె బీడీలు చుడుతుంటే, ఆయన దుకాణానికి పోతూ వంగి చాటలోంచి ఒకటి తీసుకునేవాడు. ముట్టించకుండానే ఒకసారి గట్టిగా గాలి పీల్చి చూసేవాడు.

"గాలి మంచిగనే ఆడుతాంది" అని ఒకనాడు, "గిది బిర్రుగ సుట్టినవ్, గుంజితె రాదు" అని ఇంకోనాడు తీర్పు చెప్పేవాడు.

"ముట్టియ్యనోనికి గాలి ఆడితె ఏంది, ఆడకపోతె ఏంది? కట్టల ఒకటి తక్కువ పడుతది, అక్కడ వెట్టు!" అని ఆమె అరిచేది. అప్పటికే అది నోట్లోకి వెళ్ళిపోయేది. సాయంత్రం దాకా అక్కడే ఉండేది.

"ముట్టియ్యవు కద, మరెందుకన్నా అది?" అని నేను అడిగాను.

"చుట్టు వార్నిష్, తిన్నరు డబ్బాలు. ముట్టిస్తె నేను, దుకాణం, నువ్వు, ముగ్గురం ఒక్కపారే లేస్తం సారూ."

"అయితే తీసి పారెయ్."

"నోరు ఖాళీగ ఉంటె రైతులతోని లొల్లి వెట్టుకుంటది."

ఇంత చెప్పినా కోరుట్లలో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి మా దగ్గర రెండు ఆధారాలు ఉన్నాయి. ఒకటి, పొద్దున నిండుగా ఉన్న బీడీ సాయంత్రానికి సగమయ్యేది. కొన నములుతాను కనుక తరుగుతుందని ఆయన అనేవాడు. రెండు, వార్నిష్ వేసిన రోజు ఆయన ఖళ్ళుఖళ్ళున దగ్గేవాడు. సైన్సు మాస్టరుకు ఇంతకంటే ఏం కావాలి? ఒక ఏడు పొగాకు వ్యతిరేక దినం పేరుతో బడికి వచ్చిన పోస్టర్లలో ఒకటి మిగిలితే, దాన్ని తీసుకుపోయి నా చేతులతోనే ఆయన దుకాణం గోడకు అతికించాను. దాని మీద రెండు జతల ఊపిరితిత్తులు. ఒక జత గులాబీ రంగులో, ఇంకో జత బొగ్గులాగా. పొగ తాగితే ఏమవుతుందో పావుగంట పాఠం కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. పోస్టరును చింపలేదు కూడా. కొత్త రైతు ఎవరు వచ్చినా చూపించేవాడు.

"గా ఎర్రగున్నయి సారువి. గీ నల్లగున్నయి నావి. సారు లోపటికి వొయ్యి సూసచ్చిండు."

ఒకసారి రాయికల్ నుంచి వచ్చిన ముగ్గురు రైతులు ఆయన్ని పట్టుకుందామని పంతం పట్టారు. మోటార్లు వరసలో ఉన్నాయి, ఎలాగూ సాయంత్రం దాకా పనిలేదు. ముగ్గురూ మూడు దిక్కుల కూర్చుని ఆ బీడీ మీదే చూపు నిలిపారు. ఆదివారం కనుక నేనూ ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తిని ఆయన ఇంటి వెనక్కి పోయి ఐదు నిమిషాలు కనిపించలేదు. "గిప్పుడే, గిప్పుడే ముట్టిస్తున్నడు!" అని ముగ్గురూ పరుగెత్తారు. వెనకాల ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. ఒకడు ఆగలేక దగ్గరకు పోయి నోరు వాసన చూశాడు. ఆయన కూడా డాక్టరు ముందర తెరిచినట్టు నోరు పెద్దగా తెరిచి నిలబడ్డాడు.

"ఏం వాసన?" అని మిగతా ఇద్దరు అడిగారు.

"ఉల్లిగడ్డ."

కాసేపు అందరం ఆలోచించాం. చివరకు పొగ వాసన తెలియకుండా ఉల్లిగడ్డ తిన్నాడని తేల్చాం. ఆ తేల్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆయన నవ్వి, బీడీని మళ్ళీ నోట్లో పెట్టుకుని, "మీరు మోటర్లు బాగుచెయ్యకుండ్రి, దేశం ఆగమైతది" అన్నాడు.

నేను చేసిన ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. ఒక యాసంగిలో మా వరి పొట్టకొచ్చింది, మోటారు కాలింది. ఆయన రాత్రింబగళ్ళు కూర్చుని వైండింగ్ చేసి, డ్రమ్ములో దించి, అన్నం తిని వస్తానని ఇంట్లోకి పోయాడు. గడియారం చూశాను. ఇరవై ఐదు నిమిషాలైంది. మోటారు చక్కగా తిరుగుతోంది. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అంతే, కరెంటు ఆపి, మోటారు ఎత్తి ఆటోలో వేసుకుని, దొంగలాగా వచ్చేశాను. దాని ఒంటి మీద సుద్ద గీత కూడా లేదు.

పొలం దగ్గర ఎనిమిది మంది కలిసి పైపు మీద పైపు బిగిస్తూ కిందికి దించారు. స్విచ్ వేస్తే నీళ్ళు దుమికాయి. నేను మీసం మీద చేయి వేసుకున్నాను. పది నిమిషాలు, అంతే. మోటారు గుర్రుమని ఆగిపోయింది. సాయంత్రం ఆయనే బండి మీద వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. పైపులు మళ్ళీ పైకి లాగుతున్న ఎనిమిది మందీ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. ఆయన మాత్రం కోప్పడలేదు. మోటారును తడిమి చూసి అడిగాడు.

"సారూ, పరీక్షల పిల్లగాడు సగం రాసి లేసిపోతె పాస్ జేస్తవా?"

"చెయ్యను."

"మరి మోటరేం జేసిందయ్యా పాపం, దాన్ని సగంల లేపుకచ్చినవ్?"

ఆ తర్వాత మా మోటారు డ్రమ్ములోంచి ఎప్పుడూ గంటకు ముందు లేవలేదు. నేను కూడా.

కూతురి సంబంధం విషయంలోనూ ఆయనది అదే పద్ధతి. సిరిసిల్ల నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు సాంచెలు, అంటే పవర్‌లూమ్ మగ్గాలు, నడుపుతాడు. పెద్దలందరూ మంచివాడన్నారు. ఆయన మాత్రం, "ఒక్కపారి దుకాణంకు తోలుండ్రి, సూస్త" అన్నాడు. పెళ్ళికొడుకు తెల్లచొక్కా వేసుకుని వస్తే, డ్రమ్ము పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, మోటారు ఆన్ చేసి, తన పని తాను చేసుకోసాగాడు. రైతులు అరుస్తున్నారు, మోటారు హోరుమంటోంది. పిల్లవాడు గంటసేపు కదల్లేదు, విసుక్కోలేదు. చివరికి మెల్లగా, "మామా, దీని చప్పుడు తేడా ఉన్నది. కింది బేరింగ్ ఒక్కపారి సూడుండ్రి" అన్నాడు. మగ్గాల హోరులో పెరిగిన చెవి కదా. విప్పి చూస్తే నిజంగానే కింది బేరింగ్ అరిగి ఉంది.

అల్లుడు ఆ విప్పిన మోటారు మీదికి వంగి చూస్తుంటే, మా మెకానిక్ చెవి మీది సుద్దముక్క తీశాడు. ఆ పిల్లవాడు వీపు మీద 'నడుస్తడు' అన్న అక్షరాలతోనే కోరుట్ల బస్టాండుకు పోయి, సిరిసిల్ల దాకా బస్సులో నిలబడి వెళ్ళాడు. ఇంటికి పోయాక వాళ్ళమ్మ చదివితే తెలిసిందట, సంబంధం కుదిరిందని.

ఇన్నింటిని పరీక్ష చేసిన మనిషి తన ఒంటిని మాత్రం ఎవరికీ చూపించలేదు. బీపీ చూపించుకోమని నేను చాలాసార్లు చెప్పాను. "నడుస్తున్న కద సారూ. నడిచేదాన్ని ఇప్పి సూడద్దు" అనేవాడు. అది మోటార్లకు సరిపోయే నియమం. మనుషులకు సరిపోదని ఆయనకు గట్టిగా చెప్పి లాక్కుపోవలసింది. నేను పోస్టర్లు అతికించాను కానీ ఆ పని చేయలేదు.

ఆయన యాభై రెండో ఏట ఒకరోజు పొద్దున, డ్రమ్ము పక్కన స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని కూర్చున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడు. మెదడులో నరం చిట్లింది. అందరూ ఆయన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. డ్రమ్ములోని మోటారును ఆపడం ఎవరికీ గుర్తులేదు. అది మూడు గంటలు నడిచింది. ఆ మోటారు రైతు తర్వాత నాతో ఆ మాట చెప్పి, నవ్వబోయి ఏడ్చాడు.

హైదరాబాదు తీసుకుపోయారు. "సారూ, గాళ్ళు మాట్లాడేది మాకు సమజైతలేదు, మీరు రాండ్రి" అని కూతురు ఫోన్ చేస్తే నేనూ వెళ్ళాను. మూడో రోజుకు డాక్టర్లు ఇక మెదడు పనిచేయదని చెప్పారు. వదిన కళ్ళు తుడుచుకుని అడిగిన మొదటి మాట, "ఒక్కపారి సూసి జెప్తున్నరా?" అని. కాదనీ, కొన్ని గంటలు ఆగి రెండుసార్లు పరీక్ష చేశామనీ చెప్పారు. ఆమె తల ఊపింది.

తర్వాత అవయవదానం గురించి మాట్లాడే అమ్మాయి వచ్చింది. ఎలా చెప్పాలా అని ఆ పిల్ల తంటాలు పడుతుంటే, వదినే అందుకుంది. "కాలిన మోటర్ల బేరింగ్ మంచిగుంటె మా మనిషి పారెయ్యడు బిడ్డా, తీసి కడిగి పక్కకు వెడుతడు. తీస్కోండ్రి" అంది. కూతురు ఏడుస్తూనే అవునంది.

ఆ అమ్మాయి కాగితాలు నింపుతూ నన్ను పక్కకు పిలిచింది. జబ్బులు, అలవాట్లు అడిగింది. మందు ఎప్పుడో పండక్కి అన్నాను.

"పొగ తాగేవారా?"

"బీడీ. పొద్దున నుంచి సాయంత్రం దాకా నోట్లోనే ఉండేది" అన్నాను. చదువుకున్నవాణ్ణి, నిజమే చెప్పాలనుకున్నాను. "పాతికేళ్ళ నుంచి చూస్తున్నాను" అని కూడా కలిపాను.

ఆ అమ్మాయి రాసుకుని లోపలికి పోయింది. కాసేపటికి ఒక యువ డాక్టరుతో తిరిగి వచ్చింది. కిడ్నీలు, కాలేయం తీసుకుంటామనీ, ఊపిరితిత్తులు మాత్రం వద్దనుకుంటున్నామనీ ఆ డాక్టరు చెప్పాడు. ఎక్స్‌రేలో కొంచెం నీరు పట్టినట్టుంది, ఆక్సిజన్ కొంచెం తక్కువగా ఉంది, దానికి తోడు ఇన్నేళ్ళ బీడీ అన్నాడు.

వదిన దిగ్గున లేచింది. "బీడీ అని ఎవలు జెప్పిండ్రు?"

నేను తల వంచుకున్నాను.

"సారా? సారుకేం ఎరుక! బీడీలు జేసేదాన్ని నేను. ముప్పై ఏండ్లు గా మనిషి అంగీలు ఉతికిన. ఒక్క జేబుల అగ్గిపుల్ల దొరకలె, ఒక్క అంగీకి నిప్పురవ్వ బొక్క వడలె. పక్కపొంటి పండుకున్న. వార్నిష్ వాసన తప్ప పొగ వాసన రాలె. గీ సారు గోడకు బొమ్మ అతికిచ్చి మా మనిషిని ఊరంత బద్నాం జేసిండు. ఇప్పుడు గీడ సుత గదే రాయిస్తున్నడు!"

ఆసుపత్రి వరండాలో అందరూ మా వైపే చూస్తున్నారు. పాతికేళ్ళు పిల్లలకు సాక్ష్యాధారాలు లేకుండా ఏదీ నమ్మవద్దని చెప్పిన నేను, ఒక్క జేబు కూడా వెతకకుండా పాతికేళ్ళు తీర్పు చెబుతూ వచ్చాను. నా మాట మీద ఒక మనిషి ఊపిరి చెత్తబుట్ట పాలయ్యేట్టుంది. ఎక్కడో మంచం మీద దానికోసం ఎదురుచూస్తున్నవాడు కూడా ఉండి ఉంటాడు.

"డాక్టరుగారూ, నేను బీడీ చూశాను కానీ పొగ ఎప్పుడూ చూడలేదు. అది కూడా రాసుకోండి" అన్నాను.

డాక్టరు ఇద్దరి వైపూ చూసి కొంచెం ఆలోచించాడు. "అమ్మా, ఒక పని చేయవచ్చు. ఊపిరితిత్తులు మార్చే ఆసుపత్రిలో ఒక యంత్రం ఉంది. వీటిని బయటికి తీశాక గాజుమూత కింద పెట్టి, వెచ్చగా ఉంచి, గాలి ఆడిస్తారు, రక్తనాళాల్లోకి ఒక ద్రవం పంపిస్తారు. పట్టిన నీరు తగ్గుతుందా, ఆక్సిజన్ సరిగ్గా అందుతుందా అని చూస్తారు. బాగుంటేనే ఇంకొకరికి పెడతారు. ఆ డాక్టర్లతో మాట్లాడతాను" అన్నాడు.

వదిన కళ్ళు పెద్దవయ్యాయి. "బయట నడిపిచ్చి సూస్తరా?"

"అవునమ్మా."

"ఎంతసేపు?"

"నాలుగైదు గంటలు."

"ఐదు గంటలు!" ఆమె మా వైపు తిరిగింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖంలో వెలుగు చూశాను. "గాయిన గంటకే ఊరంత తిడుతుండె. గీళ్ళు ఐదు గంటలు సూస్తరట. మంచిగ నడవకపోతె?"

"ఎవరికీ పెట్టం."

"గంతే మరి. గదే మంచి పద్ధతి. లోపటికి దించినంక మన చేతుల ఉండదు" అంది. వేలిముద్ర కాదు, గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది.

మరునాడు పొద్దున తొమ్మిదిన్నరకు యంత్రం మీద పెట్టారని ఆ అమ్మాయి చెప్పింది. ఫలితం ఫోన్ చేసి చెబుతానంది. మధ్యాహ్నానికి మాకు ఆయన్ని అప్పగించారు. అంబులెన్సులో ఆయన, చుట్టూ వదిన, కూతురు, అల్లుడు, నేను. బయలుదేరినప్పటి నుంచి వదిన నా గడియారం వదల్లేదు.

"ఎంతయింది సారూ?"

"రెండున్నర గంటలు వదినా."

సిద్దిపేట దాటాం. "ఇప్పుడు?"

"నాలుగు గంటలు నిండబోతున్నాయి."

మధ్యలో కూతురు, "కరెంటు గిట్ట వొయ్యి ఉంటదా?" అంది. ఏడుపు మధ్యలోంచి వచ్చిన మాట. "పోతె మల్ల మొదటికెల్లి సూస్తరు" అని తల్లి ఓదార్చింది. ఆయన తల వైపు కూర్చున్న నాకు అప్పుడు ఒకటే కోరిక. ఆ బొగ్గులాంటి బొమ్మ అబద్ధం కావాలి. పాతికేళ్ళు ఆయన ఓడిపోవాలని చూసినవాణ్ణి, ఆ రోజు ఆయన నెగ్గాలని లోపల్లోపల దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఇరవై ఐదో నిమిషంలో మోటారు ఎత్తుకుపోయిన నేనే, ఐదు గంటలు పూర్తిగా నిండాలని, ఎవరూ తొందరపడవద్దని మొక్కాను.

సిరిసిల్లలో అల్లుడి వాళ్ళమ్మను ఎక్కించుకోవడానికి వాళ్ళ వీధిలో ఆగాం. రెండు వైపులా ఇళ్ళల్లో సాంచెలు టకాటకా ఆడుతున్నాయి. అప్పుడే నా ఫోన్ మోగింది. ఆసుపత్రి అమ్మాయి. చెవికి ఎంత గట్టిగా నొక్కుకున్నా ఆ మోతలో ఒక్క ముక్క వినబడలేదు. "ఏమంటున్నది? ఏమంటున్నది?" అని వదిన నా చొక్కా పట్టుకుని ఊపుతోంది. అల్లుడు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఇంకో చెవి మూసుకోలేదు కూడా. కళ్ళు మూసుకుని విన్నాడు, అచ్చం మామలాగే. వింటూ ఒక్కొక్క మాట చెప్పసాగాడు.

"నీళ్ళు గుంజుకపోయినయట... గాలి మంచిగ ఆడుతాందట..." అతను కళ్ళు తెరిచి మా వైపు తిరిగాడు. "డాక్టరు అడుగుతున్నడట, గీయిన నిజంగ బీడీ తాగెటోడేనా అని. తాగినోని తీరు లేవట. అత్తా, నడుస్తున్నయట. ఎవలికో పెడుతున్నరట."

వదిన గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బ నాకు రావలసిందే.

ఎవరికి పెట్టారో చెప్పరట, అయినా అడగమంటారా అని తర్వాత వదినతో అన్నాను. "ఎందుకు? మోటరు ఇచ్చినంక ఏ మడిల నీళ్ళు వారినయని గాయిన ఎన్నడన్న అడిగిండా?" అంది.

దినాలు అయిపోయిన మరునాడు వదిన కబురు పెడితే కోరుట్ల పోయాను. దుకాణం షట్టరు ఎత్తి ఉంది. అల్లుడు మిగిలిపోయిన మోటార్లు సర్దుతున్నాడు. గోడ మీద నా పోస్టరు అలాగే ఉంది, వార్నిష్ మరకలతో పసుపెక్కి. సిగ్గుతో దాన్ని చింపబోయాను.

"చింపకు" అంది వదిన వెనక నుంచి. చేతిలో ఆయన చెవి మీది సుద్దముక్క, సగం అరిగింది. నా చేతిలో పెట్టింది. "నువ్వు అతికిచ్చిన బొమ్మనే కద. నువ్వే రాయి."

ఏం రాయాలో చెప్పనక్కర లేదు. నల్లటి ఊపిరితిత్తుల మీదికి సుద్ద ఎత్తాను.

"ఆగు" అంది ఆమె. "పూర్తిగ ఐదు గంటలు సూసినంకనే జెప్పిండ్రు కద?"

"ఐదు గంటల పది నిమిషాలు వదినా. నేను గడియారం చూశాను."

"అయితె రాయి."

రాశాను.